సైనిక ప్రవేశ పరీక్షయు తెలుగు మాధ్యమ విద్యార్థియు

పదవ తరగతి చదువుచున్న మన విద్యార్థులలో సైన్యమున చేరవలెనను కోరిక గలవారు ప్రతి సంవత్సరమును కొందరుందురు. వారి తల్లిదండ్రులు మమ్ము కలిసికొనినపుడు సాధారణముగా అడుగు ప్రశ్న ఒక్కటే: "మావాడు తెలుగులో చదివినాడు గదా, ఆ పరీక్షకు పనికివచ్చునా? ఇప్పుడైనను ఇంగ్లీషు బడికి మార్చవలెనా?" దీనికి ఒక్క మాటలో ఔననియు చెప్పరాదు, కాదనియు చెప్పరాదు. ఏలయనగా సైనిక ప్రవేశమునకు ద్వారము ఒక్కటి కాదు. కొన్ని ద్వారములు తెలుగున తెరచుకొనును, కొన్ని తెరచుకొనవు. ఏది ఎట్టిదో తెలియక, తెరచియున్న ద్వారము ముందు నిలిచి వెనుకకు మరలిపోవువారు మనలో లేకపోలేదు.

మొదట చిన్న తరగతుల సంగతి. సైనిక పాఠశాలలలో ఆరవ తరగతియందును తొమ్మిదవ తరగతియందును చేరుటకు అఖిల భారత ప్రవేశ పరీక్ష జరుగును. కర్ణాటకమున 1963లో స్థాపింపబడిన విజయపుర పాఠశాలయు, 2007లో ఏర్పడిన కొడగు పాఠశాలయు గలవు. ఆంధ్రదేశమున 1962 నాటి కోరుకొండ పాఠశాల ప్రసిద్ధము. ఆరవ తరగతి పరీక్షను తెలుగులో వ్రాయవచ్చును. 125 ప్రశ్నలు, 300 మార్కులు, రెండున్నర గంటల కాలము. అందు సగము, అనగా 150 మార్కులు, గణితమునకే. భాష, బుద్ధి పరీక్ష, సామాన్య జ్ఞానము అను మూడింటికి ఏబదేసి మార్కులు. తప్పు వ్రాసినను మార్కులు తీసివేయరు. తొమ్మిదవ తరగతి పరీక్ష మాత్రము ఆంగ్లముననే జరుగును. కావున ఈ పత్రికను చదువు ఉన్నత పాఠశాల విద్యార్థికి తెలుగు ద్వారము దాటిపోయినను, ఇంటిలో ఐదవ తరగతి చదువుచున్న తమ్ముడో చెల్లెలో ఉన్నచో వారికి అది తెరచియే యున్నది. చెల్లెలని ఊరక వ్రాయలేదు. 2021-22 విద్యాసంవత్సరము నుండి సైనిక పాఠశాలలన్నిటను ఆరవ తరగతిలో బాలికలను చేర్చుకొనుచున్నారు.

రెండవది నేషనల్ డిఫెన్సు అకాడమి. ఇది అధికారి పదవులకు పోవు మార్గము. పన్నెండవ తరగతి, అనగా మన పి.యు.సి., చదివినవారికి యూనియన్ పబ్లిక్ సర్వీసు కమిషను ఈ పరీక్షను నడుపును. గణితమునకు 300 మార్కులు, సామాన్య సామర్థ్యమునకు 600. అందు ఆంగ్లభాషకే 200. ప్రశ్నలు ఆంగ్ల హిందీలలో మాత్రమే యుండును. 2022 నుండి యువతులును ఇందు చేరుచున్నారు. ఈ మార్గమును కోరువారు తెలుగు మాధ్యమమున చదువుచునే ఆంగ్లమును ఎనిమిదవ తరగతి నుండియే గట్టిపరచుకొనవలెను. ఇందు దాపరికము పనికిరాదు.

మూడవది అగ్నివీరుల నియామకము. 2022 జూన్ నెలలో కేంద్ర ప్రభుత్వము అగ్నిపథ్ పథకమును ప్రకటించెను. మన సరిహద్దు పల్లెలనుండి సైన్యమునకు పోగోరువారిలో అధికులు పట్టు మార్గమిదియే గావున దీనినిగూర్చియే విస్తరించి వ్రాయుచున్నాము. మునుపు మొదట పరుగు, దేహపరీక్ష; తరువాత వ్రాతపరీక్ష. 2023 నుండి ఈ వరుస తలక్రిందులైనది. కంప్యూటరుపై జరుగు వ్రాతపరీక్షయే మొదటి మెట్టు. పూర్వము కాలిబలము గలవాడు మైదానమున గెలిచి వచ్చి, పిమ్మట లెక్కలకు కూర్చుండెడివాడు. ఇప్పుడు లెక్కలలో నిలువనివానికి మైదానమును చూచు అవకాశమే లేదు. 2025 నాటి ప్రకటన ప్రకారము ఈ పరీక్ష 13 భాషలలో జరుగును. తెలుగు కన్నడములు రెండును అందు గలవు.

ఇది చిన్న విషయము కాదు. పరీక్షలో భాష యెంత పని చేయునో తెలియుటకు ఒక పాత కథను చెప్పవలెను. 1917లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధమున ప్రవేశించినపుడు లక్షలకొలది యువకులను త్వరగా సైన్యమున చేర్చుకొనవలసి వచ్చెను. రాబర్టు యెర్క్స్ అను మనశ్శాస్త్రజ్ఞుని నాయకత్వమున కొందరు పండితులు రెండు పరీక్షలను కల్పించిరి. ఆంగ్లము చదువనేర్చినవారికి 'ఆల్ఫా', చదువనేరనివారికిని ఆంగ్లము రానివారికిని 'బీటా'. బీటాలో అక్షరములు లేవు. బొమ్మలు, గజిబిజి దారులు, చేసైగలతో సూచనలు. సుమారు 17 లక్షలమంది ఈ పరీక్షలకు లోనైరి. నేడు మన పిల్లలు వ్రాయు బుద్ధి పరీక్షలన్నియు ఏదో యొక విధముగా ఆ వంశమునకు చెందినవే.

అయితే అందొక వింత బయటపడెను. పరదేశములనుండి వచ్చి అమెరికాలో స్థిరపడినవారిలో, ఎక్కువ సంవత్సరములు అక్కడ నివసించినవారికి ఎక్కువ మార్కులు వచ్చెను. క్రొత్తగా వచ్చినవారికి తక్కువ వచ్చెను. సముద్రము దాటి ఇరువది సంవత్సరములైనంత మాత్రమున మనుష్యుని బుద్ధి పెరుగునా? పెరిగినది భాషాపరిచయము, ఆ దేశపు వస్తువులతోడి పరిచయము. అయినను కార్ల్ బ్రిగామ్ అను పండితుడు 1923లో ఒక గ్రంథము వ్రాసి, క్రొత్తగా వచ్చిన జాతులకే బుద్ధి తక్కువయని తేల్చెను. 1930లో అతడే తన నిర్ణయము నిలువదని ఒప్పుకొని దానిని ఉపసంహరించుకొనెను. కాని ఈ నడుమ ఆ మాటలవలన ఎందరికో అపకారము జరిగియే యుండెను. పరాయి భాషలో వ్రాసిన పరీక్షలో తక్కువ మార్కులు తెచ్చుకొన్న పిల్లవానిని మందబుద్ధియనుట ఎంత తప్పో దీనివలన తెలియగలదు. ఎందుకు చెప్పుచున్నామనగా, ఆ మాట మన యిండ్లలోనే అప్పుడప్పుడు వినబడుచుండును.

ఇక పరీక్ష స్వరూపము. సామాన్య విధులకు చేరు అగ్నివీరునికి ఒక గంటలో 50 ప్రశ్నలు, 100 మార్కులు. సామాన్య జ్ఞానమున 15, సామాన్య శాస్త్రమున 15, గణితమున 15, తర్కమున 5. ప్రతి ప్రశ్నకును నాలుగు సమాధానములు చూపబడును, ఒకదానిని గుర్తించవలెను. గుమాస్తా పనికి పోవువారికి ఆంగ్లము ప్రత్యేక భాగముగా నుండును. వారు ఆ సంగతి మరువరాదు.

తెలుగున వ్రాయుట సులభమే యని తలచి నిశ్చింతగా కూర్చుండుటకు వీలులేదు. ప్రశ్నలు అనువాదములు. అనువాదకుడు వాడిన మాటయు, మన పాఠ్యపుస్తకములోని మాటయు ఒక్కటియే కావలెనను నియమము లేదు. మనకు మరియొక చిక్కు గలదు. మన పిల్లలు ఇంటిలో తెలుగు, వీధిలోను రెండవ భాషగా బడిలోను కన్నడము, శాస్త్రపదములలో సగము ఆంగ్లము కలిపి ఆలోచింతురు. తెలుగు వాచకములో కటకము అనునది కన్నడ వాచకములో మసూర, లోకవ్యవహారమున లెన్సు. ఆంగ్లమున స్పీడ్ అనుదానికి తెలుగున వడి, కన్నడమున జవ. వెలాసిటీకి మాత్రము రెండు భాషలలోను వేగమే. వడికిని వేగమునకును భేదము తెలియని విద్యార్థి, తెలుగులో వ్రాసినను తప్పే వ్రాయును. కిరణజన్య సంయోగక్రియ అను పెద్దమాటను చూచి బెదరి, ఫొటోసింథసిస్ అని యున్నచో వ్రాసియుందుననువాడును గలడు.

దీనికి ఒకే ఉపాయము. ఒక నోటు పుస్తకమున మూడు వరుసలు గీసికొని, శాస్త్రపు పుస్తకములో వచ్చిన ప్రతి పారిభాషిక పదమును తెలుగున, ఆంగ్లమున, కన్నడమున వ్రాసికొనవలెను. ఆంగ్లపదమును తెలుగు అక్షరములతో గూడ వ్రాయవలెను. ఏలయనగా అనువాదకుడు అలసిపోయినపుడు చేయునదియు అదియే. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల శాస్త్రపుస్తకములలోని పదములన్నియు నాలుగువందలకు మించవని మా అంచనా. దినమునకు పది పదములు నేర్చినను నలువది దినముల పని.

తర్కప్రశ్నలు అయిదే యైనను, పిల్లలు ఎక్కువగా భయపడునది వానికే. వానిలో సంఖ్యాశ్రేణులు సులభములు. 3, 5, 9, 17, 33 తరువాత ఏమి? ప్రక్కప్రక్కనున్న సంఖ్యల భేదములు 2, 4, 8, 16. తరువాతి భేదము 32, సమాధానము 65. భేదములు తీయుట, అవి పొసగనిచో భాగహారము చేసి చూచుట, అదియు పొసగనిచో ఒకటి విడిచి ఒకటి చూచుట: ఈ మూడు పనులతో మూడు వంతుల శ్రేణులు లొంగును.

దిక్కుల ప్రశ్నలలో మన పల్లెపిల్లలకు నిజముగా మేలు గలదు. మన ప్రాంతమున తూర్పువీధి, పడమటి గది, ఉత్తరపు గోడ అనుట అలవాటు. పట్టణపు పిల్లలకు కుడి యెడమలే గాని దిక్కు తెలియదు. ఒకడు ఉత్తరమునకు 3 కిలోమీటర్లు నడచి, కుడివైపు తిరిగి 4 కిలోమీటర్లు నడచెను. బయలుదేరిన చోటికి తిన్నని దూరమెంత? ఉత్తరాభిముఖునికి కుడివైపు తూర్పు. తొమ్మిదియు పదునారును కూడిన 25. దాని వర్గమూలము 5. ఈ ప్రశ్నను మనస్సున చేయక కాగితముపై బాణపు గుర్తులతో చేయవలెను.

బంధుత్వపు ప్రశ్నలలో మాత్రము మనకు మేలుతోబాటు కీడును గలదు. తెలుగున పెదతండ్రి, పినతండ్రి, మేనమామ, మేనత్త భర్త వేరువేరు. ఆంగ్లమున అందరును అంకులే. ఆంగ్లప్రశ్నను తెనిగించినవాడు ఆ చోట మామ యని వ్రాసినచో, తల్లి సోదరుడో, అత్త భర్తయో, పిల్లనిచ్చిన మామయో తెలియక మన విద్యార్థి తడబడును. ఇంకొకటి. "సీత తమ్ముడు గోపాలుడు. సీత కూతురు లక్ష్మి. గోపాలుడు లక్ష్మికి ఏమగును?" అని అడిగినచో మేనమామ యని వ్రాయవలెను. మన తరగతులలో ఎవడో యొకడు భర్తయు కావచ్చును గదా యనును. మన ప్రాంతపు ఆచారము తెలిసినవాడు గనుక. ప్రశ్నలో చెప్పనిదానిని మన యింటినుండి తెచ్చి కలుపరాదు. వంశవృక్షమును గీసి, పురుషునికి ఒక గుర్తు, స్త్రీకి ఒక గుర్తు పెట్టి, అందున్నంతమట్టుకే చదువవలెను.

గణితము పదవ తరగతికి లోబడినదే. శాతములు, నిష్పత్తి, సరాసరి, వడ్డీ, కాలము-దూరము, క్షేత్రఫలము. 150 మీటర్ల రైలు ఒక స్తంభమును 9 సెకండ్లలో దాటినచో దాని వడి గంటకెంత? 150ని 9తో భాగించి 18/5తో హెచ్చించవలెను, 60 కిలోమీటర్లు. లెక్క చేయుట వచ్చినవారు వేలమంది. వారిలో 72 సెకండ్లలోపల చేయువారు ఎందరన్నదియే ప్రశ్న. 60 నిమిషములను 50 ప్రశ్నలకు పంచిన వచ్చునది అంతే. ఇందు ఎక్కములు వచ్చినవానికి అర్ధబలము. ఇరువదివరకు ఎక్కములు, ముప్పదివరకు వర్గములు నోటికి రావలెను. అవి యే భాషలో నేర్చినచో ఆ భాషలోనే వేగముగా నడచును. తెలుగున ఎక్కములు వల్లించి, ఆంగ్లమున పరీక్ష వ్రాయబూనుట రెండు పడవలపై కాళ్ళుంచుటయే.

తప్పు సమాధానమునకు మార్కులు తీసివేయుదురనగానే కొందరు తెలియని ప్రశ్నల నన్నిటిని విడిచిపెట్టుదురు. మరికొందరు అన్నిటిని గుడ్డిగా గుర్తించుదురు. లెక్క వేసి చూతము. ఒప్పునకు 2 మార్కులు. తప్పునకు నాలుగవ వంతు, అనగా అరమార్కు కోత. నాలుగింటిలో ఏదియు తెలియక గుర్తించినచో, నాలుగు పర్యాయములలో ఒకటి ఒప్పు, మూడు తప్పు కాగలవు. 2 నుండి ఒకటిన్నర పోగా మిగులునది అర. ప్రశ్నకు సగటున ఎనిమిదవ వంతు మార్కు. ఇది దాదాపు శూన్యము. అదృష్టము చెడినచో నష్టము. రెండు సమాధానములు నిశ్చయముగా తప్పని త్రోసివేయగలిగినచో, రెండు పర్యాయములకు 2 నుండి అర పోగా ఒకటిన్నర; ప్రశ్నకు ముప్పాతిక మార్కు. కావున రెండింటిని త్రోసివేయగలిగినచో ధైర్యముగా గుర్తించవలెను. ఒక్కదానినే త్రోసివేసినను లాభమే, మూడవ వంతు మార్కు. ఏమియు తెలియనిదానిని విడిచి ముందుకు పోవలెను, ముఖ్యముగా కాలము మిగులదు గనుక.

పరీక్ష కంప్యూటరుపై జరుగును. చేతిలో ఫోను లేని పిల్లవాడు మనలో అరుదు; కాని మౌసును పట్టినవాడు అంతకంటె అరుదు. తెరపై కదలు గడియారమును చూచి చేతులు వణకుట సహజము. పాఠశాలలోనో గ్రంథాలయములోనో కంప్యూటరు లభించినచో, ఒక వారము దినములు గంటసేపు మౌసుతో ప్రశ్నలు గుర్తించుట నేర్చినచో చాలును. సైన్యపు నియామక వెబ్‌సైటునందు అభ్యాస పరీక్షలు ఉచితముగా గలవు. వేలరూపాయల శిక్షణకు అప్పు చేయుటకు ముందు వానిని చూడవలెనని తల్లిదండ్రులకు మా మనవి.

వ్రాతలో నిలిచినవారికి పరుగు: 1.6 కిలోమీటర్లు 5 నిమిషముల 30 సెకండ్లలో పూర్తిచేసినచో 60 మార్కులు. పది సార్లు కమ్మిని పట్టి పైకి లేచినచో 40. పిమ్మట వైద్యపరీక్ష. ఈ మధ్య చేర్చిన అనుకూలతా పరీక్ష యొకటి గలదు. సైనిక జీవనమునకు మనస్తత్త్వము పొసగునా యని చూచుటకు. దానికి వల్లించవలసినదేమియు లేదు. వల్లింపజేసెదమని డబ్బు అడుగువారిని నమ్మరాదు.

పత్రముల విషయమున సరిహద్దువాసులు పొరపడుచుందురు. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గములు ఆంధ్రమునకును, బళ్ళారి మొదలగు తాలూకాలు మైసూరునకును పోయినవి. చుట్టములు అటు, ఇల్లు ఇటు. తెలుగున పరీక్ష వ్రాయుటకు ఆంధ్రప్రదేశపు కార్యాలయమున దరఖాస్తు పెట్టవలెనని కొందరనుకొందురు. అది తప్పు. భాష వేరు, నివాసము వేరు. మోకలోనో సిరుగుప్పలోనో నివాసముండువాడు బళ్ళారి జిల్లాను చూచు కర్ణాటక కార్యాలయముననే చేరి, దరఖాస్తులో భాషకెదురుగా తెలుగును గుర్తించవలెను. నివాస ధ్రువపత్రమును తహసీల్దారు ఇచ్చును. ఆధారు కార్డు, ఎస్.ఎస్.ఎల్.సి. మార్కుల పట్టిక, ధ్రువపత్రములు అన్నిటను పేరు, తండ్రిపేరు ఒక్క అక్షరమైనను భేదింపరాదు. తెలుగు ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక, ఒకచోట పొడి అక్షరముగా నుండుట మనలో సర్వసాధారణము. దీనిని తొమ్మిదవ తరగతిలోనే సరిచూచుకొనవలెను.

అర్హతకు పదవ తరగతిలో మొత్తముమీద 45 శాతము, ప్రతి విషయమునను 33 శాతము ఉండవలెను. మన 625 మార్కులలో 45 శాతమనగా 282. మొదటి భాష 125కు గావున అందు 42. వయస్సు పదునేడున్నర నిండవలెను. పై హద్దును ఆ యేటి ప్రకటనలో చూచుకొనవలెను.

తల్లిదండ్రులు మరియొకటి ఎరిగియుండవలెను. ఈ సేవ నాలుగు సంవత్సరములు. ఆ పిమ్మట నూటికి ఇరువదియైదుగురికి మించకుండ స్థిరముగా నిలుపుకొందురు. తక్కినవారికి, 2022 ప్రకటన ప్రకారము, వడ్డీతో కలిపి సుమారు 11.71 లక్షల రూపాయల సేవానిధి వచ్చును, పింఛను లేదు. మొదటి సంవత్సరపు జీతము నెలకు 30,000; అందు 9,000 ఈ నిధికి పోవును. పంపవలెనా మానవలెనా అనునది ప్రతి యింటివారును కూర్చుండి నిర్ణయించుకొనవలసిన విషయము. మేము పొమ్మనుటయు లేదు, వద్దనుటయు లేదు. కాని ఇరువదిరెండవ యేట తిరిగి వచ్చిన యువకుడు ఏమి చేయగలడన్న ప్రశ్నను, దరఖాస్తు పెట్టిన పిమ్మటగాక ముందే వేసికొనుట మంచిది.

పదవ తరగతి ముగియునప్పటికి మన విద్యార్థికి పదునారేండ్లు. పరీక్షకు అర్హత వచ్చుటకు ఇంకను ఒకటిన్నర సంవత్సరము. ఈ నడిమి కాలమే మన తెలుగు మాధ్యమమువారికి కష్టమైనది. పి.యు.సి.లో చదువు కన్నడమునకో ఆంగ్లమునకో మారును. తెలుగు శాస్త్రపదములు తుప్పుపట్టును. పరీక్షనాటికి ఏ భాషయు పూర్తిగా చేతిలో ఉండదు. అందుచేత పదవ తరగతి కాగానే గణిత, శాస్త్ర, సాంఘిక శాస్త్ర పుస్తకములను ఎవరికిని ఇచ్చివేయకుడు. ఏబది ప్రశ్నలలో చాల భాగము వానిలోనిదే. వారమునకొక పాఠమును తెలుగున బిగ్గరగా చదువుచు, మూడు వరుసల నోటు పుస్తకమును దగ్గర నుంచుకొనుడు. ఎన్.సి.సి. ఉన్న కళాశాల దొరికినచో అందు చేరుడు. దాని ధ్రువపత్రములకు నియామకమున అదనపు మార్కులు గలవు. ప్రకటన 2023, 2024 సంవత్సరములలో ఫిబ్రవరిలోను, 2025లో మార్చిలోను వెలువడెను. పి.యు.సి. పరీక్షల వేళయు అదియే గావున, సంక్రాంతి వెళ్ళినది మొదలు వారమునకొకసారి వెబ్‌సైటును చూచు పనిని ఇంటిలో ఎవరో ఒకరు పెట్టుకొనవలెను.